గాజుతొట్టి - గృహస్థధర్మము

ప్రాణిని చంపకుండుట ఒక ధర్మము. ప్రాణిని తెచ్చి ఇంట బంధించిన తరువాత దానిని బ్రతికించుట మరియొక ధర్మము. మొదటిది ఊరకున్నను నెరవేరును. రెండవది ఊరకున్నచో చెడిపోవును. ఈ రెండింటికి నడుమ గల భేదమును మనలో పెక్కుమంది గమనింపరు. మాంసము ముట్టని ఇండ్లలో సయితము ముందుగదిలో వేడుకకై ఉంచిన గాజుతొట్టియందు అప్పుడప్పుడు ఒక చేప చచ్చి తేలుచుండును. తినుటకై చంపలేదు గదా యని మనస్సునకు సమాధానము చెప్పుకొని, మరునాడు అంగడికి పోయి మరియొక జతను కొని తెచ్చుకొందురు. తినుటకై చంపినవానికిని, చూచుటకై తెచ్చి చావనిచ్చినవానికిని ఆ చేప దృష్టిలో ఏమి భేదము? ఈ ప్రశ్నను విచారించుటకు దూరము పోనక్కరలేదు. ఆ తొట్టిలో బుడబుడమను ఫిల్టరు, అనగా నీటిని వడగట్టు సాధనము, ఒక్కటి చాలును.

చేపకు నదియే దాది. అది విడిచిన మలినమును ప్రవాహము కొనిపోవును. ఇసుకయు, నాచును, నీటిమొక్కలును, అడుగుననున్న బురదయు దానిని మార్చివేయును. నేడు అంగళ్ళలో అమ్ముడుపోవు రంగుచేపలలో పెక్కు చెన్నైలోని కొళత్తూరు వంటి చోట్ల తొట్లలో పెంచినవే. అయినను వాని దేహము పారునీటికిని, విశాలమైన నీటికిని తగినట్లు ఏర్పడినదే. అట్టి ప్రాణిని మనము 40 లీటర్లో, 50 లీటర్లో పట్టు గాజుపెట్టెలో విడుతుము. నదిని తీసివేసితిమి, కాని నది చేయుచుండిన పనిని తీసివేయలేము. ఆ పనిని ఎవరో ఒకరు చేయవలసినదే. చేపను ఇంటికి తెచ్చిననాడే ఆ పని మనకు బాకీగా సంక్రమించినది. ఫిల్టరు ఆ బాకీని తీర్చు సాధనమే గాని అలంకారము కాదు.

ఆ పని ఎట్టిదో కొంచెము వివరముగా తెలిసికొందము. చేప తిన్న మేతలోని మాంసకృత్తులు దేహములో జీర్ణమైన పిదప మిగులు వ్యర్థము అమ్మోనియా. చేప దానిలో అధికభాగమును మొప్పల గుండా నీటిలోనికి విడుచును. తినక మిగిలిన మేతయు, మలమును కుళ్ళి మరికొంత అమ్మోనియాను పుట్టించును. ఇది విషము. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము కూడ లేకున్నను మొప్పలను కాల్చి చేపను బాధింపగలదు. నీటిలో క్షారగుణము హెచ్చినకొలదియు, వేడి హెచ్చినకొలదియు దాని తీవ్రత పెరుగును. మిక్కిలి గమనింపదగిన సంగతి యేమనగా, ఈ విషము కంటికి కనబడదు. నీరు అద్దమువలె తేటగా నుండును. లోపల చేప ఊపిరికై అలమటించుచుండును. పైన పటారము, లోన లొటారము అన్న సామెత ఈ తొట్టికి చక్కగా తగును.

ఈ విషమును హరించువారెవరు? స్పాంజి కాదు, దూది కాదు, మోటారు కాదు. వానిని ఆశ్రయించి బ్రతుకు సూక్ష్మజీవులు. ఈ రహస్యము మానవునకు తెలిసి నూటయేబది యేండ్లు కూడ కాలేదు. 1877లో ఫ్రాన్సు దేశమున ష్లోజింగ్, మ్యూంట్జ్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఇసుకయు సున్నపురాయియు నింపిన పొడవైన గొట్టము గుండా మురుగునీటిని మెల్లగా జారవిడిచిరి. సుమారు 20 దినములు ఏ మార్పును కానరాలేదు. పిమ్మట నీటిలోని అమ్మోనియా తగ్గి నైట్రేట్ కనబడసాగినది. గొట్టములోనికి క్లోరోఫారమ్ ఆవిరిని పంపగనే ఆ పని నిలిచిపోయినది. మత్తుమందునకు లోబడినది గనుక ఆ పని చేయునది ప్రాణము గలదే యని వారు నిశ్చయించిరి. 1890 ప్రాంతమున వినొగ్రాడ్‌స్కీ అను రష్యా శాస్త్రజ్ఞుడు ఆ జీవులను వేరుచేసి పెంచి చూపెను. ఒక తెగ అమ్మోనియాను నైట్రైట్‌గా మార్చును. మరియొక తెగ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చును. నడుమనున్న నైట్రైట్ కూడ విషమే. అది రక్తములో చేరి దాని యెఱ్ఱదనమును పోగొట్టి గోధుమవన్నెకు తెచ్చును, రక్తము ప్రాణవాయువును మోయలేకపోవును. తుదకు మిగులు నైట్రేట్ అంత క్రూరమైనది కాదు. దానిని వారము వారము కొంత నీరు మార్చుటచే పోగొట్టవచ్చును, మొక్కలును కొంత పీల్చుకొనును. మొదటి పనిని, రెండవ పనిని ఒకే జీవి చేయగలదని 2015లో తేలినది. శాస్త్రము ఇంకను నేర్చుకొనుచునే యున్నది.

ఈ జీవులు నీటిలో తేలియాడుట తక్కువ. స్పాంజి రంధ్రములను, సిరామిక్ వలయములను, గులకరాళ్ళను అంటిపెట్టుకొని జిగురుపొరగా నివసించును. ఇతర సూక్ష్మజీవులలో కొన్ని అరగంటలోపే రెట్టింపగును. వీనికి అనుకూల పరిస్థితులలో సయితము ఒక పూటనుండి ఒక దినము వరకు పట్టును. కావున క్రొత్త తొట్టిలో ఇవి తగినంతగా పెరుగుటకు నాలుగు మొదలు ఆరు వారములు కావలెను. తొట్టిని కొన్ననాడే పది చేపలను విడుచుట, పందిరి వేయకముందే పెండ్లివారిని పిలుచుట వంటిది.

ఇంక మన ఇండ్లలో జరుగు తంతును చూడుడు. పండుగ వచ్చినది. ఇల్లెల్ల కడుగుచున్నారు. తొట్టి వంతు వచ్చినది. ఫిల్టరును విప్పి చూతురు. స్పాంజి గోధుమవన్నెగా, జిగటగా, చూచుటకు రోతగా నుండును. దానిని పారవేసి క్రొత్తది తెత్తురు, లేదా సబ్బు పెట్టి కుళాయి క్రింద తెల్లబడువరకు పిండుదురు. గులకరాళ్ళను వేడినీట కడుగుదురు. పాతనీటిని పూర్తిగా పారబోసి కుళాయినీరు నింపుదురు. తొట్టి తళతళలాడును, వచ్చినవారు మెచ్చుకొందురు. రెండు మూడు దినములకు చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరచుచుండును. వారము తిరుగకముందే ఒకటి రెండు తేలును. ఇంటివారు నివ్వెరపోవుదురు: "ఇంత శుభ్రము చేసితిమే, ఎందుకు చచ్చినవి?" శుభ్రము చేయుటచేతనే చచ్చినవని వారికి తోచదు. వారు రోతపడి పారవేసిన జిగటయే ఆ చేపల ప్రాణములకు కావలి. కుళాయినీటిలో మన ఆరోగ్యమునకై కలుపు క్లోరిన్ ఆ కావలివారిని చంపును, చేపల మొప్పలనును బాధించును.

ఇంతవరకు జరిగినది అజ్ఞానము. అజ్ఞానమునకు క్షమాపణ కలదు. కాని దీని తరువాత మనలో కొందరు పలుకు మాట యున్నది. అది అజ్ఞానముకంటె ప్రమాదకరమైనది. "ఇంటికి రావలసిన కీడును చేప తనపై వేసికొని పోయినది" అందురు. దిష్టి తగిలినదందురు. తొట్టిని ఏ మూల నుంచవలెనో, ఎన్ని చేపలుండవలెనో వాస్తు అడుగుదురు గాని, నీటిలో ఏమున్నదో అడుగరు. ఈ మాట వినుటకు కృతజ్ఞతవలె తోచును. నిజమునకు అది తప్పించుకొను త్రోవ. చచ్చిన చేపను త్యాగమూర్తిని చేసినచో, దానిని చావనిచ్చినవాడు నిరపరాధి యగును. పైగా మరల మరల చేపలు చచ్చుట శుభసూచకముగా కూడ మారిపోవును. ఒక మూగప్రాణి బాధను మన క్షేమమునకు గుర్తుగా లెక్కించుకొనుటకంటె మించిన నిర్దయ ఏమున్నది? చేప ఎవరి కీడును మోయలేదు. అది తన మొప్పలపై మన అశ్రద్ధను మోసినది.

అశ్రద్ధ యని యెందుకనవలెను, వారు శ్రమపడి కడిగిరి గదా యని యెవరైన అడుగవచ్చును. ఇది సరియైన ప్రశ్న. శ్రమకును శ్రద్ధకును భేదము కలదు. శ్రమ మనకు తోచినది చేయును. శ్రద్ధ ఎదుటి ప్రాణికి కావలసినదేమో మొదట తెలిసికొనును. ఏడాదికి రెండు మారులు చెమటోడ్చి కడుగుట శ్రమ. వారమునకొకమారు అరగంట కేటాయించి తెలిసి చేయుట శ్రద్ధ. మొదటిది పదిమందికి కనబడును. రెండవది ఎవరికిని కనబడదు. ఎవరికిని కనబడని పనిని నియమము తప్పక చేయుటలోనే గృహస్థుని శీలము తేలును.

ఆ శ్రద్ధ యెట్లుండవలెనో చెప్పుట అవసరము. దయ అనునది పద్ధతి తెలియనిచో చేతికి రాదు. వారమునకొకమారు తొట్టినీటిలో సుమారు నాలుగవ వంతు తీసి క్రొత్తనీరు పోయవలెను. పోయు నీటిని వెడల్పు పాత్రలో ఒకదినము నిలువయుంచినచో క్లోరిన్ చాలవరకు పోవును. తొందర యున్నచో అంగడిలో దొరకు థయోసల్ఫేట్ ద్రావణమును చెప్పిన మేరకు కలుపవచ్చును. క్లోరిన్‌కు బదులు క్లోరమైన్ కలిపిన నీరైనచో నిలువయుంచుట చాలదు. ఆ పనికై చేసిన ద్రావణమునే వాడవలెను. ఫిల్టరులో నీటిధార సన్నగిలినపుడు స్పాంజిని తీసి, తొట్టినుండి తోడిన పాతనీటినే ఒక బకెట్టులో పోసి, అందులో రెండు మూడు మారులు మెల్లగా పిండవలెను. మడ్డి పోవలెను, జిగురు మిగులవలెను. సబ్బు తగులరాదు. స్పాంజి తెల్లబడవలెనను కోరిక విడువవలెను. ఫిల్టరును కడిగిననాడు గులకరాళ్ళను కదపరాదు. రాళ్ళను శుభ్రపరచిననాడు ఫిల్టరును ముట్టరాదు. ఒకచోట కావలివారు తగ్గినను మరియొకచోట నిలిచియుండవలెను గదా. మేత కొన్ని నిమిషములలో తిని ముగించునంతయే వేయవలెను. ఏ ఫిల్టరును అధికమేతకు సమాధానము చెప్పలేదు.

ఇక మార్చుటను గురించి. ఫిల్టరులోని వస్తువులన్నియు ఒకే తీరున మార్చదగినవి కావు. పైనున్న తెల్లని దూది మడ్డిని మాత్రము ఆపును. అది మూసికొనిపోయినపుడు మార్చుటవలన హాని లేదు, వెనుక స్పాంజియో వలయములో ఉన్నచో. ఉత్తేజిత బొగ్గు రంగును, వాసనను, మందులను పీల్చుకొనును; కొన్ని వారములలో దాని సూక్ష్మరంధ్రములు నిండి శక్తి సన్నగిలును, అప్పుడు మార్చవలెను. చేపలకు మందు వేసినపుడు మాత్రము బొగ్గును ముందే తీసివేయవలెను, లేకున్న మందును అదియే మ్రింగివేయును. గాలిరాయి మూసికొనిపోయినచో క్రొత్తది వేయవచ్చును. కాని స్పాంజి అట్టిది కాదు. పిండి విడిచినపుడు అది మరల ఉబ్బుచున్నంతకాలము, ముట్టినపుడు రాలిపోకయున్నంతకాలము అది ఏండ్లతరబడి పనిచేయును. సిరామిక్ వలయములు ఇంకను మన్నును. కొన్ని ఫిల్టరులకు దూది, బొగ్గు, స్పాంజి కలిపి కుట్టిన ఒకే గుళికను అమ్ముదురు. నెలకొకటి మార్చవలెనని పెట్టెపై వ్రాయుదురు. అమ్మువానికి ఆ లెక్క లాభము. చేపకు నెలనెలకు కావలివారిని పోగొట్టుకొనుట నష్టము. అట్టి గుళికను కూడ చినుగునంతవరకు పాతనీట జాడించి వాడుకొనవచ్చును. దాని వెనుక ఒక స్పాంజి ముక్కను చేర్చినచో మరియు మంచిది.

అయినను ఏదియు శాశ్వతము కాదు. ఒకనాడు స్పాంజి శిథిలమగును. అప్పుడేమి చేయవలెను? దీనికి సమాధానము మన వంటయింటిలోనే యున్నది. పెరుగుకుండను కడుగనిచో పులిసి చెడును. కడిగి, తోడు మిగుల్చుకొననిచో మరునాటికి పాలు పాలుగానే విరిగిపోవును. మన తల్లులు ఏమి చేయుదురు? కుండను కడుగుదురు, కడుగుటకు ముందు గరిటెడు పెరుగు తీసి యుంచుదురు. పాత పెరుగు క్రొత్త పాలకు తోడు. తోడు అను ఆ మాటలోనే చేరువయు, సాయమును, సంతతియు ఇమిడియున్నవి. స్పాంజికిని ఇదియే న్యాయము. పాతది పూర్తిగా శిథిలము కాకముందే క్రొత్తదానిని తెచ్చి అదే తొట్టిలో దాని చెంత నాలుగు మొదలు ఆరు వారములు నడుపవలెను. రెండింటికి చోటు లేనిచో పాతదానిని సగము కోసి, ఆ చోట క్రొత్త సగమును అమర్చి, అది కుదురుకొన్న పిదప మిగిలిన సగమును మార్చవలెను. ఈ మధ్యకాలమున మేత తగ్గింపవలెను. అంగడిలో దొరకు పరీక్షాద్రవముతో అమ్మోనియాను చూచుచుండవలెను. క్రొత్తది మంచిదే. కాని పాతదానివద్ద కొన్నాళ్ళు నిలువని క్రొత్తది వట్టి వస్తువు మాత్రమే. దానిలో ఇంకను ప్రాణము చేరలేదు.

మన ప్రాంతములలో విద్యుత్తు ఆగిపోవుట క్రొత్త కాదు. ఫిల్టరు నిలిచినపుడు ఆ సూక్ష్మజీవులకు ప్రాణవాయువు అందదు. తొట్టిలోపల నీటిలోనే యుండు స్పాంజి కొంత తట్టుకొనును. వెలుపల మూతబిగించిన డబ్బాలో నడచు ఫిల్టరు చాల గంటలు నిలిచిపోయినచో లోపలి నీరు కుళ్ళును. విద్యుత్తు రాగానే మీట వేసినచో ఆ కుళ్ళునీరంతయు చేపలపై పడును. ఆ నీటిని పారబోసి, లోపలి వస్తువులను తొట్టినీట జాడించి, పిమ్మట నడుపవలెను. బ్యాటరీతో నడచు చిన్న గాలిపంపు ఒకటి ఇంట నుండుట మేలు. ఇంటిలో పంకా ఆగినపుడు మనము విసనకఱ్ఱ వెదకుకొందుము. వెదకుకొనలేని ప్రాణి మరియొకటి ఇంటిలో నున్నదని అప్పుడు జ్ఞప్తికి రావలెను.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ కలదు. "ఇంత బాధ్యత యున్నచో అసలు చేపను బంధించుటయే తప్పు గాదా?" అని కొందరు ధర్మజ్ఞులు అడుగుదురు. ఈ ప్రశ్నను త్రోసిపుచ్చరాదు. వేడుకకై ప్రాణిని బంధించుటకు నిండైన సమర్థన నాకు కానరాదు. క్రొత్తగా తొట్టి కొనదలచినవారు, వారమునకు అరగంటయు, ప్రతిదినము కొన్ని నిమిషములును, అనేక సంవత్సరములు ఇయ్యగలమా యని మొదట ప్రశ్నించుకొనవలెను. బంగారుచేప చక్కగా చూచిన యెడల పదియేండ్లకు పైగా బ్రతుకును. దానిని ఫిల్టరు లేని గుండ్రని గాజుగిన్నెలో ఉంచి కొన్నాళ్ళకే పోగొట్టుకొనుట, దీపమును వెలిగించినవెంటనే ఆర్పుటతో సమానము. ఇయ్యలేమని తోచినచో కొనకుండుటయే దయ. కాని ఇప్పటికే ఇంటనున్న చేప మాటయేమి? దానిని చెరువులో విడిచినచో పుణ్యమని కొందరందురు. అదియు సరికాదు. అది ఆ నీటికి అలవడక చచ్చును. లేదా బ్రతికి పెరిగి అక్కడి చేపలకు కీడు చేయును. ఒకమారు చేపట్టిన ప్రాణిని విడిచి చేతులు దులుపుకొనుటకు వీలు లేదు. తుదివరకు చక్కగా చూచుటయో, చక్కగా చూడగలవారికి అప్పగించుటయో, ఈ రెండే త్రోవలు.

మరియొక ఆక్షేపణ తేలికది. కాని ఎక్కువగా వినబడునది అదియే. "కొద్ది రూపాయల చేపకు ఇంత తతంగమా?" చేప వెల అంగడివాడు కట్టినది. దాని ఊపిరి వెల వాడు కట్టలేదు. చచ్చిన చేపను మరల కొనవచ్చుననుటయే మన చేతులను కఠినము చేయుచున్నది. సులభముగా బదులు దొరకు ప్రాణిపట్ల మనము ఎట్లు నడచుకొందుమో, మన మీద ఆధారపడి నోరులేక బ్రతుకు ముసలి పశువుపట్ల, మంచమునందున్న రోగిపట్ల, ఇంట పనిచేయు పేదపిల్లపట్ల సయితము అట్లే నడచుకొను అలవాటు మెల్లగా ఏర్పడును. అలవాటునకు చేప యని, మనిషి యని వివక్ష తెలియదు.

ఇండ్లలో పిల్లలు చేపలను ప్రేమింతురు. మేత వేయు పనిని వారికి అప్పగించుట వాడుక. మేతతోపాటు స్పాంజి పిండు పనిని కూడ వారికి నేర్పుడు. మేత వేయగనే చేప పరుగెత్తి వచ్చును. ఆ పనికి వెంటనే ఫలము కలదు. స్పాంజి పిండినపుడు చేతికి మడ్డి అంటుటే గాని మెప్పు లేదు. ఆ మడ్డిలో కనబడని ప్రాణులున్నవనియు, వానివలననే రంగుచేప బ్రతుకుచున్నదనియు చెప్పుడు. అందమైనదానిని ప్రేమించుట ఎవరును నేర్పనక్కరలేదు. ఆ అందమును మోయుచు చీకటిలో పనిచేయుదానిని గౌరవించుట నేర్పవలెను. పాతదానిలో మడ్డి యేది, ప్రాణమేది యని వేరుచేసి చూచు కన్ను కూడ ఆ బకెట్టు దగ్గరనే వారికి అలవడును. తొట్టినీరు తేటగానున్నదా యని గాక, దానిలోనిది సుఖముగా ఊపిరి పీల్చుచున్నదా యని చూచుటనుండి మనము మొదలిడుదము.